గీత మీద ఇల్లు

లూప్ నది ఎగువన, నెబ్రాస్కా
అక్టోబరు, 1879

లొవీసా అక్కా,

ఇక్కడ ఎర్ర ఎద్దు కాలికి తప్ప అందరికీ బాగానే ఉంది. అక్కడ నువ్వూ ఫీబీ ఎలా ఉన్నారో ముందు రాయి, తర్వాత నన్ను తిట్టు.

ఇల్లయింది! నిన్న సాయంత్రం ఆంబ్రోస్ తలుపు బిగించి, టోపీ తీసి, "లోపలికి దయచెయ్యండి దొరసానీ" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మే నెల నుంచీ బండి కింద పడుకున్నదాన్ని కదా!

ఇల్లంటే మన మిల్‌బరో ఇల్లులాంటిదనుకోకు. ఇక్కడ కోద్దామంటే చెట్టు లేదు, పేరుద్దామంటే రాయి లేదు. ఉన్నదల్లా గడ్డి. ఆ గడ్డినే వేళ్ళతో సహా నాగలితో పెళ్లలుగా కోసి, గడ్డివైపు కిందికి తిప్పి, ఇటుకల్లా పేర్చి గోడలు లేపాం. పైన వాగు పక్కన దొరికిన సన్న వాసాలు, వాటి మీద మళ్ళీ మట్టిపెళ్లలు. లోపల చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంటుందట. చూడాలి.

ప్రభుత్వం ఉచితంగా రాసిచ్చిన మా నూట అరవై ఎకరాల ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కనిపెట్టడమే పెద్ద పనైంది. సర్వే వాళ్ళు మూలమూలకీ కర్రలు పాతారట గానీ ఎప్పుడో కార్చిచ్చులో కాలిపోయాయి, పక్క ముక్కకి అవతల ఒక్కటి తప్ప. ఇక్కడ అందరూ చేసే పనే మేమూ చేశాం. బండి చక్రానికి నా ఎర్ర రుమాలు కట్టి, ఆ కర్ర దగ్గర్నుంచి ఆయన ఎడ్లను మా ముక్క వైపు తోలుతుంటే నేను వెనక కూచుని రుమాలు పైకొచ్చినప్పుడల్లా లెక్కపెట్టాను. చక్రం చుట్టుకొలత తెలుసు కాబట్టి దూరం తెలిసిపోతుంది. దారిలో అడవిదున్నలు పొర్లిన గుంట ఒకటి నీళ్ళతో నిండి ఉంటే చుట్టూ తిరిగి పోయాం. అంత చేసినా నా లెక్క ఒక్కటి తప్పలేదు. మీ మరిది ఇప్పుడు నన్ను "కొలతల దొరసాని" అంటున్నాడు.

అసలు సంగతికి వస్తున్నా. మేం బయల్దేరే రోజు నువ్వే అన్నావు: "కోరింత దగ్గుతో ఉన్న మూడేళ్ళ పిల్లని బండిలో ఎలా తీసుకుపోతావే? కప్పు పడ్డాక పంపిస్తాను, పో" అని. కప్పు పడింది అక్కా. ఇక్కడి దుకాణదారు భార్య మార్చిలో ఒహాయో నుంచి తిరిగి వస్తోంది. ఫీబీని ఆమెతో పంపు. ఆమె మంచి మనిషి, రైల్లో పిల్లని కళ్ళలో పెట్టుకు చూస్తుంది.

దాని పాత గౌను ముక్క ఒకటి నా దిండు కింద ఉంది. అందులో వాసన పోయింది.

నీ తిర్జా

*

మిల్‌బరో, ఒహాయో
డిసెంబరు, 1879

తిర్జా,

ఇల్లు కట్టారంటే సంతోషించాను. మట్టితో కట్టారని చదివాక ఆ సంతోషంలో సగం పోయింది. పోనీలే, కుందేలుకీ ఇల్లే, నక్కకీ ఇల్లే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఎడ్లున్నాయి, రుమాలుంది, దున్నలు పొర్లిన గుంట కూడా ఉంది. బావి మాట మాత్రం లేదు. నీళ్ళెక్కణ్ణించి తెస్తున్నారు? వాగు నుంచి పీపాలో మోస్తున్నారని నీ మొగుడు ఇక్కడి కమ్మరికి రాశాడట. వాగు ఎంత దూరమో నువ్వూ రాయలేదు, అతనూ రాయలేదు. పసిపిల్ల పీపాలో నిలవున్న నీళ్ళు తాగాలా? బావి తవ్వి, నీళ్ళు పడ్డాక రాయి. అప్పుడు మాట్లాడదాం.

ఫీబీ దగ్గు తగ్గింది. బుగ్గలు వచ్చాయి. నేను టోపీలు కుడుతుంటే బల్ల కింద కూచుని రిబ్బను ముక్కలన్నీ ఏరుకుంటుంది. ఊళ్ళో ఆడవాళ్ళు టోపీ కోసం వచ్చి దాన్ని ముద్దుచేసి, కొనకుండా పోతున్నారు.

ఇంకో మాట. నిన్ను అడగడం మానేసింది. పిల్లలంతే, ఎవరు పక్కనుంటే వాళ్ళే. నిన్ను బాధపెట్టాలని రాయడం లేదు. అది నీకోసం బెంగపెట్టుకుందేమోనని నువ్వు అక్కడ కుమిలిపోకూడదని రాస్తున్నాను.

ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు ఒక పీపా పంపాను. అడుగున ఉన్ని మేజోళ్ళున్నాయి. ఆంబ్రోస్‌వి పొడుగువి.

లొవీసా

*

లూప్ నది ఎగువన
మే, 1880

అక్కా,

నీళ్ళు పడ్డాయి! చల్లగా, తియ్యగా ఉన్నాయి. నువ్వు అడిగావని కాదు, నువ్వు అడిగావనే!

మా ఆయనా, పొరుగున ఉండే బొహీమియా ఆయన హవ్లికూ వంతులవారీగా దిగి తవ్వారు. లోపల ఒకరు తవ్వుతుంటే పైన ఒకరు గిలకతో మట్టి తోడటం. ఒక్కోసారి పైనుంచి పిలిస్తే కింద నుంచి జవాబు వచ్చేదాకా నేను గట్టు మీంచి కదిలేదాన్ని కాదు. ఎంత లోతంటావా? మన చర్చి గోపురాన్ని తలకిందులుగా దించితే కొన మాత్రం నీళ్ళలో మునుగుతుంది. అంత లోతు. మొదటి బకెట్టు పైకొచ్చాక ఆంబ్రోస్ తాగకుండా నాకిచ్చాడు. నేను తాగకుండా కాసేపు అందులోకి చూస్తూ కూచున్నాను. ఫీబీ ఉంటే చెయ్యి పెట్టి చల్లేది.

చలికాలం బాగానే గడిచింది. పొయ్యిలోకి ఏరుపిడకలు వాడుతున్నాం. మొదట్లో రెండు వేళ్ళతో పట్టుకునేదాన్ని, తర్వాత ఒక చేత్తో, ఇప్పుడు పిడక వేసిన చేత్తోనే రొట్టె పిండి కలుపుతున్నాను. ముక్కు మూసుకోకు, నీకు ఆ రొట్టె పెట్టబోవడం లేదు.

నవ్వొచ్చే సంగతొకటి రాస్తాను. మొన్న వాన వెలిశాక భోజనానికి కూచున్నాం. కప్పులోంచి చిన్న పాము ఒకటి జారి సరిగ్గా ఆంబ్రోస్ కంచం పక్కన పడింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు! హవ్లిక్ భార్య లుడ్మిలా అప్పుడే గుడ్లు పట్టుకుని వచ్చింది. దాన్ని తోక పట్టుకుని ఎత్తి, "ఇదా? ఇది ఎలకల్ని తింటదమ్మా, కరవదు. దీన్నెందుకు తరుముతారు, కాపురానికొచ్చిన కోడలల్లే ఉండనీండి" అని గుమ్మం బయట వదిలేసింది.

ఇల్లుంది, బావి ఉంది. ఇంకేం కావాలి? దుకాణదారు భార్య మార్చిలోనే వచ్చేసింది, ఒంటరిగా. బండి నుంచి ఆమె దిగుతుంటే ఆమె వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆంబ్రోస్ "పద" అన్నదాకా కదల్లేదు. అక్కా, ఈసారి నన్ను అలా నిలబెట్టకు.

తిర్జా

*

మిల్‌బరో
జూన్, 1880

తిర్జా,

పాము! అన్నం తినే బల్ల మీద! అది నవ్వొచ్చే సంగతా?

నీకు బుద్ధుందా అని అడగను, చిన్నప్పుడే తెలుసు. కానీ ఆ కప్పు కింద పిల్ల నోరు తెరుచుకుని పడుకుంటే ఏమవుతుందో ఆలోచించావా? వాన వెలిశాక కూడా కప్పు కారుతుందని నువ్వు రాయలేదు గానీ నాకు తెలుసు. ఇక్కడికి తిరిగొచ్చినవాళ్ళు చెబుతున్నారు. పొయ్యి మీద గొడుగు పట్టి వంట చేస్తారట! నిజమా కాదా?

కప్పు కింద గుడ్డ కట్టించు, ఏం పడినా గుడ్డలో పడేలా. నేలకి పలకలు వేయించు. గోడకి అద్దాల కిటికీ పెట్టించు, పిల్ల చీకట్లో పెరగకూడదు. బడి సంగతేమిటి? వచ్చే ఏడు దానికి అక్షరాలు నేర్పాలి. ఇవన్నీ నేను మొండికి అడుగుతున్నాననుకుంటావు. అనుకో.

ఒకటి ఒప్పుకుంటాను, బావి తవ్వడం మంచి పని. ఆంబ్రోస్‌కి చెప్పు.

లొవీసా

*

లూప్ నది ఎగువన
సెప్టెంబరు, 1880

అక్కా,

కప్పు కింద గుడ్డ కట్టాం. నేలకి పలకలు వేశాం. కిటికీకి అద్దాలు ఇంకా దొరకలేదు, నూనె రాసిన కాగితం అంటించాం, వెలుగు బాగానే వస్తోంది. నవంబరు నుంచి హవ్లిక్ వాళ్ళ ధాన్యపుకొట్టులో బడి పెడుతున్నారు. మొక్కజొన్న ఒక మోస్తరుగా పండింది.

ఫీబీని మాత్రం ఇప్పుడే పంపకు. వసంతం దాకా నీ దగ్గరే ఉండనీ.

ప్రత్యేకంగా కారణమంటూ ఏం లేదు. అందరం బాగున్నాం.

తిర్జా

*

మిల్‌బరో
అక్టోబరు, 1880

తిర్జా,

ఏమైంది?

ఏడాదిగా చెవిలో జోరీగలా "పంపు, పంపు" అన్నదానివి, ఇవాళ నువ్వే "పంపకు" అంటున్నావు. మూడు పేరాల ఉత్తరం! ఎద్దు లేదు, లుడ్మిలా లేదు, ఒక్క నవ్వు లేదు. "కారణమంటూ ఏం లేదు" అని నువ్వు ఎప్పుడంటావో నాకు తెలీదా? పాలజగ్గు పగలగొట్టి పొయ్యి వెనక దాచినప్పుడు కూడా అదే మాటన్నావు. ఆంబ్రోస్‌కి ఏమైనా అయిందా? నీ ఒంట్లో బాగాలేదా? ఏదైనా ఉన్నదున్నట్టు రాయి.

నీ మనసు మారితే మాత్రం నేను తప్పుపట్టను. ఆ బతుకులో పిల్లని పెంచడం కష్టమని ఇప్పటికి తెలిసుంటుంది. మన పాస్టరుగారు కూడా మొన్న ఒక మాటన్నారు. నాకు కడుపున పుట్టి నిలిచినవాళ్ళు లేరు, మీ బావ హోరేస్ పోయి ఆరేళ్ళయింది. ఫీబీని నేను పెంచుకున్నట్టు కాగితాలు రాసుకుంటే బళ్ళో నా ఇంటిపేరుతో చేర్చవచ్చు. ఫీబీ క్రాండల్. వినడానికి బాగానే ఉంది. మీకు వేరే పిల్లలు పుడతారు, మీది చిన్న వయసు. తొందరేమీ లేదు, ఆలోచించుకోండి.

అది బాగుంది. అల్లరి ఎక్కువైంది. పోయిన ఆదివారం చర్చిలో నా పరువు తీసింది. అందరూ తలలు వంచి ప్రార్థనలో ఉంటే అది తల పైకెత్తి, "పెద్దమ్మా, ఈ గోపురం తలకిందులు చేస్తే కొన నీళ్ళల్లో మునుగుతుంది కదా!" అని గట్టిగా అరిచింది. పాస్టరుగారు కూడా నవ్వేశారు. నేనెటు చూడాలో తెలీక పాటల పుస్తకంలోకి చూశాను.

ఉన్నది ఉన్నట్టు రాయి.

లొవీసా

*

లూప్ నది ఎగువన
నవంబరు, 1880

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంతో ఇల్లంతా తిరిగాను. ఇల్లు చిన్నది కాబట్టి ఆంబ్రోస్ బయటికి పోయి కూచున్నాడు.

ఫీబీ క్రాండల్ కాదు. ఫీబీ డెన్స్‌లో. నేను కన్నాను. కాగితాల మాట ఇంకోసారి ఎత్తకు, ఎత్తావంటే ఎడ్లు కట్టుకుని వచ్చి తీసుకుపోతాను, దగ్గున్నా సరే, పామున్నా సరే.

ఒకటి చెప్పు. నన్ను అడగడం మానేసిందన్నావు. మరి గోపురం తలకిందులైతే కొన నీళ్ళల్లో మునుగుతుందని దానికెవరు చెప్పారు? పాస్టరుగారా? ఆ మాట నేను నీకు రాసిన ఉత్తరంలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు! అంటే నా ఉత్తరాలు నువ్వు దానికి చదివి వినిపిస్తున్నావు. అది వింటోంది. విని, గుర్తుపెట్టుకుని, చర్చిలో తల పైకెత్తి మా బావి లోతు చూసుకుంటోంది. నువ్వు రాసిందాంట్లో ఏది నిజమో ఆ ఒక్క మాటే చెప్పింది అక్కా. ఆ మాట చదివే నా కోపం దిగింది. లేకపోతే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను.

ఆగస్టులో రోడ్డు వేయడానికని సర్వే ఆయన ఒకడు గొలుసు పట్టుకుని వచ్చాడు. గడ్డిలో ఎక్కడో పాత మూల మట్టిదిబ్బ వెతికి పట్టుకున్నాడు. అక్కణ్ణించి కొలుచుకుంటూ కొలుచుకుంటూ మా ఇంటి దాకా వచ్చి ఆగి, "అమ్మా, కాస్త తలుపు తీస్తారా?" అన్నాడు. తీశాను. గొలుసు లాక్కుంటూ లోపలికొచ్చి, పొయ్యికీ మంచానికీ మధ్య నిలబడి తల గోక్కున్నాడు.

"ఇల్లెవరిదమ్మా?"

"మాదే."

"పొయ్యి మీదే. మంచం మాత్రం ప్రభుత్వానిది."

వేళాకోళం అనుకుని ఆంబ్రోస్ నవ్వాడు. సర్వే ఆయన నవ్వలేదు. పక్క ముక్కకీ మా ముక్కకీ మధ్య గీత సరిగ్గా మా ఇంటి మధ్యలోంచి పోతోందక్కా! సగం ఇల్లూ, గొడ్లపాకా, బావీ అవతలి ముక్కలో ఉన్నాయి. నా లెక్క తప్పలేదు. చక్రం సరిగానే తిరిగింది. గుంట చుట్టూ తిరిగి పోయాం చూడు, ఆ తిరుగుడంతా తిన్నగా పోయినట్టే కలిపేసి, మా ముక్క ఇంకా రాకముందే వచ్చేసిందనుకున్నాం. తియ్యాలని ఇద్దరికీ తోచలేదు. ఆంబ్రోస్ ఆ వేళంతా ఆ గుంట గట్టున కూచున్నాడు. నేను వెళ్ళి పక్కన కూచున్నాను. ఆయన నన్నొక్క మాట అనలేదు, నేనూ ఆయన్ని అనలేదు.

అవతలి ముక్క ఇంకా ఎవరూ రాయించుకోలేదు. రాయించుకున్నవాడికి బావి పోతుంది. మాకు పొయ్యి మిగులుతుంది. ఆంబ్రోస్ రాయించుకుందామంటే మనిషికి ఒకటే ముక్క. నా పేరున అంటే మొగుడున్న ఆడదానికి చట్టంలో చోటు లేదు. అందుకే "పంపకు" అని రాశాను. ఇల్లుంది, బావి ఉంది రమ్మన్నదాన్ని, రెండూ లేవని నీకెలా రాయను? రాస్తే నువ్వు ఫీబీని ఇక జన్మలో పంపవు.

పోయిన వారం ప్రూయిట్ అని ఒకాయన గుర్రం మీద వచ్చాడు. పొడుగు మనిషి, ఎడమ చెవికి ఒక తునక లేదు. మర్యాదస్తుడే. నీళ్ళడిగి తాగి, "బావి బాగుందమ్మా" అని చుట్టూ చూశాడు. ఆ ముక్క నంబరు అడిగి రాసుకున్నాడు. చలికాలం తూర్పున ఉండి, మంచు కరిగాక కుటుంబంతో వస్తాడట.

అక్కా, చట్టంలో విధవరాలికి చోటుంది. తనే వచ్చి ప్రమాణం చేసి, ఆ ముక్కలో ఐదేళ్ళు కాపురం ఉండాలి. వాగవతల అన్నదమ్ములిద్దరు కావాలనే గీత మీద ఇల్లు కట్టుకుని, ఎవరి వైపు వాళ్ళు పడుకుంటారు. ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. నువ్వు నీ వైపు పడుకోవాలి, మేం మా వైపు. ఫీబీకి ఏ చట్టమూ లేదు, అది ఎటైనా పడుకోవచ్చు.

ముక్క నంబరు వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను. రా.

తిర్జా

*

మిల్‌బరో
డిసెంబరు, 1880

తిర్జా,

హోరేస్ పోయినందుకు ప్రభుత్వం నాకు నూట అరవై ఎకరాల గడ్డి ఇస్తుందన్నమాట. ఆయనకి తెలిస్తే సంతోషించేవాడు.

నాకు నలభై రెండేళ్ళు. టోపీలు కుట్టే చేతులివి. అక్కడికొచ్చి ఈకలు కుట్టిన టోపీలు ఏ అడవిదున్నకి పెట్టను? మన వీధి చివర నేను తప్ప దీపం పెట్టేవాళ్ళు లేరు. చర్చిలో నా గొంతు లేకపోతే ఆ పాట సగంలో దిగిపోతుంది. పైగా పిడక వేసిన చేత్తో కలిపిన రొట్టె! నేను రాను. నన్ను అడక్కు.

గోపురం మాటకి నేను జవాబు చెప్పను.

నీ ఉత్తరం వల్ల నా ఇల్లు పాడైంది, అది మాత్రం చెబుతాను. గీత సంగతి చదువుతుంటే ఫీబీ బల్ల కింద నుంచి విన్నట్టుంది. టోపీల కొలతలకి వాడే సుద్ద తీసుకుని వంటింటి నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకి గీత గీసింది. "ఇటు అమ్మ, అటు పెద్దమ్మ" అంటూ అటూ ఇటూ దూకడం! తుడిచేశాను. మర్నాడు మళ్ళీ గీసింది. మళ్ళీ తుడిచాను. మూడోనాడు గీత మీదే బొమ్మని అడ్డంగా పడుకోబెట్టి, "తుడవకు పెద్దమ్మా, ఇది నిద్రపోతోంది" అంది.

ఆ గీత ఇంకా అక్కడే ఉంది. వంట చేసినప్పుడల్లా దాటుకుంటూ పోతున్నాను. అది ఆడుకోవడం మానితే తుడవచ్చని ఊరుకున్నాను.

పెంపకం కాగితాల మీద సంతకం పెట్టలేదు. పెట్టబోనని కాదు.

లొవీసా

*

లూప్ నది ఎగువన
ఫిబ్రవరి, 1881

అక్కా,

మంచుతుఫానుల వల్ల టపా ఆరు వారాలు రాలేదు. నీ ఉత్తరం నిన్ననే అందింది. ఇది మాత్రం ఎప్పుడు కదులుతుందో తెలీదు.

పిడకలు మంచు కింద ఉన్నాయి. గడ్డిని తాళ్ళలా పేని పొయ్యిలో వేస్తున్నాం. ఒకరు పేనుతుంటే ఒకరు వెయ్యాలి. రోజంతా అదే పని, మిగతా వేళ నిద్ర. గోడలు మాత్రం గట్టివి. నువ్వు కుందేలిల్లు అన్న ఇల్లే మమ్మల్ని బతికించింది.

నువ్వు రానన్నావు. నిన్ను తప్పుపట్టడం లేదు, నీ చోట నేనుంటే నేనూ రాను. మంచు కరగ్గానే ప్రూయిట్ వస్తాడు. ఆయనకి బావి ఇచ్చేసి మా వైపు మళ్ళీ మట్టిపెళ్లలు కోస్తాం. మళ్ళీ తవ్వుతాం. ఆంబ్రోస్ దగ్గుతున్నాడు గానీ తవ్వగలనంటున్నాడు. ఫీబీని ఇంకో రెండేళ్ళు నీ దగ్గరే ఉంచుకో. దానికి మంచిది ఏదో నాకు తెలుసు, ఆ మంచి ఇప్పుడు నీ దగ్గరే ఉంది. ఇది రాయడానికి నాకెంత కష్టమైందో నీకు చెప్పను.

సంతకం మాత్రం పెట్టకు అక్కా. కాళ్ళు పట్టుకుంటాను. అది నన్ను మర్చిపోయినా ఫరవాలేదు, దాని పేరులోంచి మమ్మల్ని తుడిచెయ్యకు. వంటింట్లో ఆ గీత నువ్వు ఎలా తుడవలేదో, అలాగే.

ఆంబ్రోస్ బండి పక్కపలకలు విప్పి ఫీబీకి చిన్న మంచం చేశాడు. ఎటు వెయ్యాలో తెలీక గోడకి నిలబెట్టాం. కుక్క దాని నీడలో పడుకుంటోంది.

తిర్జా

*

గ్రాండ్ ఐలండ్, నెబ్రాస్కా
ఏప్రిల్, 1881

తిర్జా,

ఈ ఉత్తరం మీ వైపు పోయే టపా బండివాడి చేతిలో పెట్టి, పరిగెత్తించమని చెప్పాను. అందగానే ఎడ్లు కట్టండి. మేం స్టేషనుకి ఎదురుగా ఉన్న బసలో ఉన్నాం. మేం అంటే నేనూ, ఫీబీ, రెండు పెట్టెలూ, ఒక గోడ గడియారమూ, నాలుగు అద్దాల కిటికీ ఒకటీ. దారిపొడుగునా దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. ఒక్క అద్దం చిట్లింది. లైలాక్ పూలచెట్టు వేరు ఒకటి తడిగుడ్డలో ఉంది. అక్కడ బతుకుతుందో లేదో అని మాత్రం రాయకు.

టోపీల కొట్టు నా కింద పనిచేసే అమ్మాయికి అప్పగించాను. సామాను సర్దుతుంటే వంటిల్లు ఊడవబోయి ఆ గీత చూసి చీపురు పక్కన పడేశాను. ఇంతకంటే ఎక్కువ అడక్కు.

నిన్న పొద్దున భూముల ఆఫీసు తలుపు తియ్యకముందే మెట్ల మీద కూచున్నాను. గుమాస్తా కుర్రవాడు, మీసాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. నీ నంబరు కాగితం జాకెట్లోంచి తీసి ఇచ్చాను.

"ఈ భూమి మీరు చూశారా అమ్మా?"

"రెండేళ్ళుగా చూస్తున్నాను."

"అంటే వెళ్ళి చూశారా?"

"అక్కడ బావి ఎంత లోతో చెప్పనా? కప్పులోంచి ఏం పడుతుందో చెప్పనా?"

అతను కలం సిరాలో ముంచాడు. "ఎవరెవరు కాపురం ఉంటారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఫీబీ బల్ల అంచు పట్టుకుని వేలాడుతూ, "పెద్దమ్మ అటు, అమ్మానాన్న ఇటు, నేను మధ్యలో!" అంది. అతను కలం పెట్టేసి నవ్వాడు. చెయ్యెత్తి ప్రమాణం చేశాను. 

మెట్లు దిగుతుంటే ఒకాయన ఎదురొచ్చాడు. పొడుగు మనిషి. ఎడమ చెవికి తునక లేదు. నేను చేతిసంచీ కింద పడేసుకుని, ఏరుకుంటున్నట్టు ఆగాను. లోపల గుమాస్తా, "అది ఇప్పుడే పోయిందండీ, మీకంటే పావుగంట ముందు" అనడం వినపడింది. ఆయన బయటికొచ్చి, నా సంచీలోంచి దొర్లిన దారపుచుట్ట ఏరి ఇచ్చి, టోపీ తాకి వెళ్ళిపోయాడు. మంచివాడే పాపం. అతనికి ఇంకో ముక్క దొరకాలి.

కాబట్టి ఇప్పుడు బావి నాది. నీళ్ళు కావాలంటే అడిగి తోడుకో. గొడ్లపాక నాది, మీ ఎడ్లు మర్యాదగా ఉండాలి. పొయ్యి నీది గనక వంట నువ్వే చెయ్యి, చెయ్యి కడుక్కుని. ఆంబ్రోస్‌ని ఇంక తవ్వొద్దని చెప్పు, దగ్గు మందు తెచ్చాను. ఫీబీ మంచం గోడ నుంచి దించి గీత మీద వెయ్యండి, తల ఎటో కాళ్ళెటో అదే తేల్చుకుంటుంది.

బండితో త్వరగా రండి. చక్రానికి రుమాళ్ళేమీ కట్టకండి, గుంటల చుట్టూ తిరగకుండా తిన్నగా రండి.

ఫీబీ నిన్నటి నుంచీ కిటికీ దగ్గర నుంచి లేవడం లేదు. వీధిలో ఏ ఆడమనిషి కనపడ్డా అద్దానికి ముక్కు ఆనించి, "పెద్దమ్మా, ఈమేనా?" అని అడుగుతోంది. కాదమ్మా, కాదమ్మా అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది. తొందరగా రావే.

అక్క